బిడ్డకు జబ్బు చేసినప్పుడు బడికి పంపవలయునా, ఇంట నుంచవలయునా?

తెల్లవారిన పిమ్మట బడిగంట మ్రోగులోపల ప్రతి గృహమందును ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టును. బిడ్డ ఒడలు వెచ్చగా నున్నది. లేదా రాత్రియంతయు దగ్గినాడు. లేదా కడుపులో నొప్పి యనుచున్నాడు. బడికి పంపవలయునా, ఇంట నుంచవలయునా? నిర్ణయించుటకు గల వ్యవధి అరగంటకు మించదు. ఆ సమయమున వైద్యుడు దొరకడు. తండ్రి పనికి బయలుదేరుచుండును. తల్లి కూలికి పోవలసి యుండును. ఇట్టి తొందరలో చేయు నిర్ణయము కొన్నిసార్లు బిడ్డకును, కొన్నిసార్లు తరగతియందలి బిడ్డలందరికిని కీడు కలిగించును. కావున నెమ్మదిగా నున్న ఇప్పుడే ఆ విషయమును గూర్చి ఆలోచించి పెట్టుకొనుట మంచిదని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ విషయమున రెండు విధముల పొరపాట్లు జరుగుచున్నవి. మొదటిది, ఇంట నుండవలసిన బిడ్డను బడికి పంపుట. రెండవది, బడికి రాదగిన బిడ్డను అనవసరముగా ఇంట నుంచుట. మొదటిదానివలన రోగము వ్యాపించును. రెండవదానివలన చదువు చెడును. రెండును నష్టమే. ఒకదానికి భయపడి రెండవదానిలో పడకుండుటకు మార్గము తెలియవలెను.

మన ప్రాంతము కృష్ణానది సముద్రమును చేరుచోటికి సమీపమున నున్నది. పెనుమూడి రేవున పూర్వము ప్రజలు పడవలమీద ఏటిని దాటి పులిగడ్డకును దివిసీమకును పోవుచుండిరి. ఇప్పుడు అచ్చట వారధి కలదు. రేపల్లెకు, తెనాలికి, ఆవలి యొడ్డునకు రాకపోకలు నిత్యము జరుగుచున్నవి. మనుష్యులు నడచు ప్రతి దారియు రోగము నడచు దారియే. పది యూళ్ల బిడ్డలు ఒక్క ఆటోలో ఒకరి నానుకొని యొకరు కూర్చుండి వత్తురు. ఒక్క బల్లమీద నలుగురు కూర్చుందురు. ఒకరి సీసాలో నీరు మరియొకరు త్రాగుదురు. ఉదయము ఒక యింట నున్న జబ్బు సాయంకాలమునకు పది యిండ్లకు చేరుటకు ఇంతకంటె ఏమి కావలయును?

రోగము బడినుండి ఇంటికి ఎట్లు వచ్చునో తల్లిదండ్రులు ఏల కనుగొనజాలరో చూపు చరిత్ర యొకటి కలదు. 1846వ సంవత్సరమున ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫేరో దీవులలో పొంగు జాడ్యము పుట్టెను. దీనినే మనము తట్టు అనియు అందుము. 1781 తరువాత 65 సంవత్సరముల కాలము ఆ దీవులలో ఆ జాడ్యము లేదు. అచ్చటి జనసంఖ్య యించుమించు 7,800. కొన్ని నెలలలోనే వారిలో 6,000 మందికి మించి జబ్బుపడిరి. డెన్మార్కు ప్రభుత్వమువారు పీటర్ పానుమ్ అను యువ వైద్యుని అచ్చటికి పంపిరి. అతడు పల్లె పల్లెయు తిరిగి, ఎవరు ఎప్పుడు ఎవరిని కలిసికొనిరో, ఎన్నవనాడు ఒంటిమీద దద్దురులు పొడచూపెనో విచారించి వ్రాసికొనెను. రోగిని కలిసినది మొదలు ఒంటిమీద పొంగు కనబడువరకు ఇంచుమించు 14 దినములు పట్టుచున్నదని అతడు కనుగొనెను. 1781లో ఆ జాడ్యమును అనుభవించిన వృద్ధులకు మరల అది రాలేదనియు తెలిసికొనెను.

ఈ 14 దినముల ఎడమును విద్యార్థులును తల్లిదండ్రులును బాగుగా గుర్తుంచుకొనవలెను. జబ్బుతో వచ్చిన బాలుడు తన ప్రక్కవానికి దాని నంటించి, తాను కోలుకొని, ఆటలాడుచుండగా, రెండు వారములకు ప్రక్కవాడు మంచము పట్టును. అప్పటికి మొదటివాని సంగతి అందరును మరచియుందురు. అందుచేతనే "మా బిడ్డను పంపినందున ఎవరికిని ఏమియు కాలేదు" అని తల్లిదండ్రులు నిజముగా నమ్ముదురు. వారు అబద్ధమాడుట లేదు. వారికి కనబడదు, అంతియే.

ఇక నిర్ణయించుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: బిడ్డ తరగతిలో కూర్చుండి పాఠము వినగలడా? రెండవది: వానికి కావలసిన పోషణ అనేకమంది బిడ్డలను చూచుకొనుచున్న ఉపాధ్యాయునివలన కాగలదా? మూడవది: ఈ జబ్బు ఇతరులకు అంటునా? మొదటి రెండిటికి అవునని, మూడవదానికి కాదని జవాబు వచ్చినయెడల బిడ్డ బడికి రావచ్చును. ఒక్కదానికి తారుమారుగా వచ్చినను ఇంట నుంచవలెను. ఈ సూత్రమును ఒక్కొక్క జబ్బునకు అన్వయింతము.

జ్వరము. చేతితో తాకి చెప్పుటకంటె థర్మామీటరుతో చూచుట మేలు. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 38 డిగ్రీల సెంటీగ్రేడు, అంతకు మించి యున్న జ్వరమని యెంచి బిడ్డను ఇంట నుంచవలెను. మందు వేయకయే 24 గంటలు జ్వరము లేకుండిన తరువాత పంపవలెను. మందు వేయకయే అను మాట ముఖ్యము. కొందరు ఉదయము పారాసిటమాల్ బిళ్ల వేసి, ఒడలు చల్లబడగానే బడికి పంపుదురు. ఆ బిళ్ల పనిచేయునది నాలుగు మొదలు ఆరు గంటలే. మధ్యాహ్న భోజనమువేళకు జ్వరము తిరిగి వచ్చును. బిడ్డ బల్లమీద తల వాల్చును. అప్పటికి ఉదయమంతయు ప్రక్కవారితో కలిసి కూర్చుండియే యుండును. జ్వరమునకు బిడ్డలకు ఆస్పిరిన్ ఈయరాదు. కొన్ని జబ్బులలో దానివలన మెదడునకును కాలేయమునకును తీవ్రమైన హాని కలుగవచ్చును.

వానకాలమందు జ్వరమనగానే డెంగీని మరువరాదు. డెంగీలో మూడవ దినమునకును ఏడవ దినమునకును నడుమ జ్వరము తగ్గును. ప్రమాదము వచ్చుట తరచుగా అప్పుడే. జ్వరము తగ్గినది గదా యని బడికి పంపువారు జాగ్రత్త పడవలెను. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, మిక్కిలి నీరసము - వీనిలో ఏది కనబడినను వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలెను.

జలుబు, దగ్గు. జ్వరము లేక, బిడ్డ ఉల్లాసముగా నున్నయెడల కొంచెము ముక్కు కారుటచే బడి మానిపించ నక్కరలేదు. అట్లు మానిపించినచో వానకాలమంతయు బడి ఖాళీగా నుండును. చేతిగుడ్డ యిచ్చి, మోచేతిలోనికి దగ్గుట నేర్పి పంపవలెను. కాని ఆయాసము గాని, నిద్ర పట్టనీయని దగ్గు గాని యున్నచో ఇంట నుంచవలెను. దగ్గు రెండు వారములు దాటిన, అది క్షయ యగునో కాదో పరీక్ష చేయించవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ పరీక్షయు, క్షయ యైనచో మందులును ఉచితముగా లభించును. దీనిని సిగ్గుపడి దాచుట బిడ్డకును బడికిని అపకారము.

విరేచనములు, వాంతులు. కడపటి విరేచనము గాని వాంతి గాని యైన తరువాత 48 గంటలు గడచువరకు బిడ్డను పంపరాదు. కడుపు కుదుటపడిన వెంటనే జబ్బు అంటించు గుణము పోదు. కాలువనీరు, చెరువునీరు వాడుకొను మన డెల్టాలో ఈ జాగ్రత్త మరింత అవసరము. ఒంటిలోని నీరు తగ్గకుండ ఓఆర్‌ఎస్ పొట్లమును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. పొట్లము దొరకనప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదారయు అర చెంచా ఉప్పును, చెంచాలు తలగొట్టి కొలిచి, కలుపవచ్చును. 1971లో బంగ్లాదేశపు శరణార్థులు వేలకొలది వచ్చి చేరిన బనగాం శిబిరమున కలరా పుట్టగా, డాక్టరు దిలీప్ మహలనాబిస్ గారు ఇట్టి ద్రావణమునే త్రాగించి అనేకుల ప్రాణములను కాపాడిరి.

ఒంటిమీద పొక్కులు, దద్దురులు వచ్చు జబ్బులను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. పొంగు వచ్చిన బిడ్డ, దద్దురులు కనబడిన తరువాత కనీసము నాలుగు దినములు ఇంట నుండవలెను. ఆటలమ్మ వచ్చిన బిడ్డ, పొక్కులన్నియు ఎండి పక్కు కట్టువరకు ఉండవలెను. దీనికి సాధారణముగా ఐదారు దినములు పట్టును. కొందరికి అంతకు మించియు పట్టవచ్చును.

మన యూళ్లలో ఇట్టి జబ్బు వచ్చినప్పుడు అమ్మవారు పోసినదని చెప్పి, గుమ్మమునకు వేపమండలు కట్టి, ఇతరులను లోనికి రానీయని ఆచారము కలదు. ఈ ఆచారమును పరిహసించుట తగదు. రోగిని వేరుగా నుంచుట, రోగమున్నదని ఇరుగుపొరుగువారికి తెలియజేయుట అను రెండు మేలులు అందులో నున్నవి. లేవీయకాండము 13వ అధ్యాయమందును, చర్మమున మచ్చ కనబడినవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి, ఏడవనాడు మరల చూడవలెనని విధి కలదు. 1377లో ఏడ్రియాటిక్ సముద్రతీరపు రగూసా పట్టణమువారు తెగులు తగిలిన ప్రదేశములనుండి వచ్చువారిని 30 దినములు వెలుపల నిలిపిరి. దేశములు వేరైనను బుద్ధి యొక్కటే.

అయితే ఆచారమందు రెండు విషయములు సరిదిద్దుకొనవలసియున్నవి. మొదటిది, స్నానము చేయించు దినమును లెక్కించి, స్నానమైనది గనుక మరునాడే బడికి పంపుట. బడికి పంపుటకు గుర్తు స్నానము కాదు, పొక్కులు ఎండుట. ఒక్క పచ్చి పొక్కు మిగిలినను ఆగవలెను. రెండవది, అమ్మవారని వైద్యుని పిలువకుండుట. పొంగు వచ్చిన బిడ్డకు ఊపిరితిత్తుల జబ్బును, చెవినొప్పియు, విరేచనములును తోడగుట కలదు. కంటిచూపునకును అపాయము రావచ్చును. అందుచే విటమిన్ ఏ మందు ఇప్పించుట మొదలగు చికిత్స అవసరము. వేపమండలు గుమ్మముననే యుండనిండు. వైద్యుని మాత్రము లోనికి రానిండు.

గవదబిళ్లలు వచ్చినచో వాపు మొదలైన తరువాత ఐదు దినములును, కోరింతదగ్గు వచ్చినచో వైద్యుడిచ్చిన మందు ఐదు దినములు పూర్తిగా వాడువరకును బడికి పంపరాదు. మందు వాడని కోరింతదగ్గు మూడు వారములవరకు అంటుచుండును. పచ్చకామెర్లు కనబడిన బిడ్డ కనీసము ఒక వారము ఇంట నుండి, వైద్యుడు చెప్పిన తరువాత రావలెను. గొంతులో బూడిదవన్నె పొర, మెడవాపు గల కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, అనుమానింపబడినప్పుడు ఇల్లు, బడి అను విచారమే లేదు. ఆ క్షణమందే వైద్యశాలకు పోవలెను.

ఇక బడి మానిపించ నక్కరలేని వానిని చెప్పెదము. తలలో పేలున్నవని ఆడుబిడ్డను ఇంటికి పంపివేయుట న్యాయము కాదు. పేలు ప్రాణహాని చేయవు. సాయంకాలము మందు రాసి దువ్వినచో చాలును. గజ్జి వచ్చిన బిడ్డ మందు ఒకసారి ఒళ్లంతయు రాసిన మరునాడు రావచ్చును. ఇంటిలోనివారందరును అప్పుడే రాసికొనవలెను. తామరకు మందు మొదలుపెట్టి, మచ్చను గుడ్డతో కప్పి పంపవచ్చును. కండ్లకలకలో పుసి కారుచున్నంతవరకు చిన్న బిడ్డలు ఇంట నుండుట మేలు. కండ్లు తేటపడగానే రావచ్చును. చెవినొప్పి, ఉబ్బసము మొదలగునవి ఇతరులకు అంటునవి కావు. బాధ లేకుండిన రావచ్చును. ఇట్టి బిడ్డలను తోటివారు ఎగతాళి చేయకుండ చూచుట ఉపాధ్యాయుల బాధ్యత.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు ఉదయమువరకు ఆగరాదు. ఊపిరాడకుండుట, డొక్కలు ఎగురుట, మూర్ఛ, మెడ బిగిసికొనుట, త్రాగినదెల్లను కక్కివేయుట, ఎనిమిది గంటలైనను మూత్రము రాకుండుట, పిలిచిన పలుకకుండుట - ఇవి కనబడిన వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఇంతవరకు చెప్పినది తేలిక, ఆచరించుట కష్టము. ఏలయనగా జబ్బుపడిన బిడ్డను ఇంట నుంచుటకు ఇంట ఒకరు ఉండవలెను. నాట్లు వేయు దినములలో గాని, మినుములు తీయు దినములలో గాని తల్లి ఇంట నుండినచో ఆ దినపు కూలి పోవును. బిడ్డకు బడిలో దొరకు మధ్యాహ్న భోజనమును పోవును. ధనవంతుల కొక సెలవుదినమైనది బీదలకు రెండు నష్టములగుచున్నది. ఈ సంగతిని తలపక, "బిడ్డను ఏల పంపితివి" అని తల్లిని గద్దించుట సులభము. గద్దింపువలన ఆమె రేపు కూడ పంపును. జబ్బును మాత్రము దాచును.

ఈ కష్టమును కొందరు మరియొక విధముగా తీర్చుకొనుచున్నారు. తమ్మునికి జ్వరము వచ్చినచో అక్కను బడి మానిపించి కాపలా ఉంచుచున్నారు. ఇట్లు జబ్బు ఒకరిది, చదువు నష్టము ఇద్దరిది. సంవత్సరమున పదిసార్లు ఇట్లు జరిగినచో ఆ బాలిక చదువు వెనుకబడి తుదకు ఆగిపోవును. దీనిని మేము గట్టిగా ఖండించుచున్నాము. ఇరుగుపొరుగున రెండు మూడు కుటుంబములవారు కలిసి, ఒకరి బిడ్డ జబ్బుపడినప్పుడు పనికి పోని మరియొకరు చూచుకొనునట్లు ముందే అనుకొనవచ్చును. అవ్వ గాని తాత గాని యున్న యింట ఆ కష్టము తక్కువ. అయితే పొంగు, ఆటలమ్మ మొదలగు జబ్బులున్నప్పుడు గర్భిణిని గాని, చంటిబిడ్డ గల యింటివారిని గాని కాపలా ఉంచరాదు. వారికి ఆ జబ్బులు మిక్కిలి అపాయకరములు.

బడివారు చేయవలసిన పనియు కలదు. అనేక పాఠశాలలలో వార్షికోత్సవమునాడు ఒక్క దినమైనను మానని విద్యార్థికి బహుమానమిచ్చు వాడుక యున్నది. శ్రద్ధను ప్రోత్సహించుటయే దాని యుద్దేశము. కాని ఆ బహుమానముకొరకు జ్వరముతో వచ్చి కూర్చుండు బాలురు కలరు. వారు ఒక్క బహుమానము పొంది పదిమందికి జబ్బు పంచుచున్నారు. కావున అంటుజబ్బుచేత మానిన దినములను, తల్లిదండ్రుల ఉత్తరముతో, హాజరు దినములుగా లెక్కించి బహుమానము ఇచ్చుట న్యాయమని మా యభిప్రాయము. అప్పుడు ఇంట నుండుటయు క్రమశిక్షణలో భాగమే యగును.

హాజరు తగ్గినచో ప్రభుత్వ సహాయము పోవునని కొందరు భయపడుదురు. మన రాష్ట్రమున 2020లో ఆరంభమైన అమ్మఒడి పథకమునకు తరువాత నూటికి 75 వంతుల హాజరు నియమము పెట్టబడినప్పుడు ఈ భయము బాగుగా కనబడెను. లెక్క చూడుడు: బడి 220 దినములు జరిగినయెడల 75 వంతులనగా 165 దినములు. మిగిలినవి 55. జబ్బుచేత ఏడెనిమిది దినములు మానిన బిడ్డకు అట్టి నియమమువలన ఏ నష్టమును లేదు. నిజముగా హాజరును చెరుపునది జ్వరము కాదు. పండుగలకు ముందు వెనుకల మానుటయు, పనికొరకు మానిపించుటయును.

పాఠములు పోవునను భయమునకు మందు కలదు. తరగతిలోని యొక స్నేహితుడు ఆనాటి పాఠమును వ్రాసి గుమ్మమువద్ద ఇచ్చిపోవచ్చును, లోనికి పోరాదు. ఫోను గల యిండ్లకు ఉపాధ్యాయులే పంపవచ్చును. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా బడులన్నియు మూయబడినప్పుడు ఈ పద్ధతిని మనమందరము నేర్చుకొంటిమి. ఆ కాలమున నేర్చిన దానిని ఒక్క బిడ్డకొరకు వాడుట కష్టము కాదు.

తుదకు, జబ్బు వచ్చిన పిమ్మట చేయు జాగ్రత్తకంటె రాకుండ చేయు జాగ్రత్త గొప్పది. పొంగు, దద్దురులు కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే అంటును. అప్పుడు తల్లికి గాని వైద్యునికి గాని తెలియుట దుర్లభము. ఇట్టి దానికి టీకా ఒక్కటియే అడ్డు. తొమ్మిది నెలలు నిండగానే ఒకటియు, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ రెండవదియు ఇప్పించవలెను. కంఠసర్పి, కోరింతదగ్గులకు శైశవమందు టీకాలిప్పించి, ఐదారు సంవత్సరముల వయస్సున మరల వేయించవలెను. పదియేండ్లకును, పదునారేండ్లకును ధనుర్వాతమునకు, కంఠసర్పికి కలిపి వేయు టీకా గలదు. టీకా చేయు మేలునకు సాక్ష్యము మశూచికమే. అది 1975 తరువాత మన దేశమందు లేదు. 1980లో లోకమందే లేకుండ పోయెనని ప్రకటింపబడెను.

ఈ ప్రాంతమున వైద్యమును చదువును మొదటినుండి కలిసి నడచినవి. 1842లో హైయర్ దొరగారు గుంటూరునకు వచ్చి మిషను పని ఆరంభించిరి. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ గారు స్త్రీలకును బిడ్డలకును వైద్యము చేయుచు, 1898లో అచ్చట వైద్యశాల తెరచి, 1930లో మరణించువరకు ఆ సేవలోనే యుండిరి. బిడ్డ శరీరమును చూచుకొనుటయు బిడ్డ చదువును చూచుకొనుటయు వేరు పనులు కావని వారి జీవితము చూపుచున్నది.

విద్యార్థులారా, మీకొక్క మాట. ఒంట్లో బాగుండనప్పుడు పరీక్షకు భయపడి గాని, ఆటకు ఆశపడి గాని దానిని దాచకుడు. పరీక్షకు భయపడి లేని జబ్బును కల్పింపకుడు. రెండవది అలవాటైనచో, నిజముగా జబ్బు వచ్చిననాడు మీ మాట నమ్ముట తల్లికి కష్టమగును. ఉదయమున తల్లి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. తల్లిదండ్రులును పైన చెప్పిన మూడు ప్రశ్నలను ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించుకొందురు గాక. అప్పుడు ఆ అరగంటలో చేయవలసిన నిర్ణయము కష్టము కాదు.